ముగ్గు లేని బావి

చిత్తూరులో నాకు మొదట ఇల్లు అద్దెకు దొరకలేదు. ఏం ఉద్యోగమమ్మా అని అడిగితే ఉన్నమాట చెప్పడమే నేను చేసిన పొరపాటు. "ఆర్టిస్టునండీ" అన్నాను. ఇంటావిడ నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసి, "డ్రామాలోళ్ళకు ఇయ్యమమ్మా, మా ఇంట్లో పెండ్లికావాల్సిన బిడ్డలుండారు" అని తలుపేసుకుంది. రెండో ఇంట్లో "సినిమాలోనా?" అని ఆశగా అడిగారు. కాదనేసరికి వాళ్ళ మొహాలు వాడిపోయాయి. మూడో ఇంటి దగ్గరకొచ్చేసరికి నాకు బుద్ధొచ్చి, "ఆరోగ్యశాఖలో గోడల మీద బొమ్మలు వేస్తాను" అని విడమరిచి చెప్పాను. "ఓహో, దోమ బొమ్మ వేసేది నువ్వేనా!" అని ఆ ఇంటి పెద్దాయన మురిసిపోయి తాళంచెవి చేతిలో పెట్టాడు. అలా దోమ పుణ్యమా అని నాకు నీడ దొరికింది.

ఎమర్జెన్సీ పోయిన కొత్తలో మాట ఇది. ఇప్పుడు మీ చేతుల్లో ఫోన్ల నిండా బొమ్మలే. ఒక్క మాట రాయకుండా బొమ్మలతోనే పెళ్ళికి పిలుస్తున్నారు, చావుకు ఏడుస్తున్నారు. నా మనవడు నాకు బొటనవేలు ఎత్తిన బొమ్మ పంపిస్తాడు. 'సరే' అని దానికి అర్థమట. మా చిన్నప్పుడు ఎవరికైనా బొటనవేలు చూపిస్తే 'నీకేం లేదు పో' అని వెక్కిరించినట్టు. మా నాయన ముందు ఆ పని చేసుంటే వీపు విమానం మోత మోగేది. బొమ్మ అదే, వేలూ అదే. మధ్యలో అర్థం ఎక్కడ మారిపోయిందో నాకు తెలియదు. ఈ మారిపోవడం సంగతి నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదని మాత్రం గట్టిగా చెప్పగలను. ఒక ఊరు ఊరంతా నాకు అది నేర్పింది.

నాది తిరుపతి. నాయన గుడి కార్యాలయంలో గుమాస్తా. నేను మద్రాసు వెళ్ళి చిత్రకళ చదువుకొచ్చి, చిత్తూరులో ఈ ఉద్యోగంలో చేరాను. చదువురానివాళ్ళకు బొమ్మల ద్వారా ఆరోగ్యం గురించి చెప్పాలి, అదీ పని. మాకొక జీపు, ఒక డ్రైవరు, ఒక డాక్టరు ఆఫీసరు. ఆఫీసరు గుంటూరు వైపు మనిషి. కోపం ముక్కు మీదే ఉండేది గానీ మనసు వెన్న. డ్రైవరు పీలేరు వైపు వాడు, నాకంటే పదేళ్ళు పెద్ద, నోరు ఊరుకునేది కాదు. ఆ రోజుల్లో మా జీపు మీద కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం ఉండేది. ఆ త్రికోణం ఊరి మొదట్లో కనబడితే చాలు, మగవాళ్ళంతా పక్క సందుల్లోకి మాయమయ్యేవాళ్ళు. "మేడం, ఇంతకంటే బాగా అర్థమైన బొమ్మ ఇంకొకటి లేదు" అని డ్రైవరు పకపకా నవ్వేవాడు.

నగరికి అవతల, అరవదేశపు సరిహద్దుకు ఆనుకొని ఒక నేతగాళ్ళ ఊరుంది. వీధి పొడవునా నూలు పడుగులు సాగదీసి ఉంటాయి, వాటిని తప్పించుకుంటూ నడవాలి. ఏ ఇంట్లో చూసినా మగ్గం చప్పుడు. ఊరి మధ్యలో ఒక మంచినీళ్ళ బావి. దాని నీళ్ళు ఎంత తియ్యగా ఉంటాయంటే, పక్క ఊళ్ళో పెళ్ళిళ్ళకు కూడా బండ్లలో తీసుకుపోయేవాళ్ళట. ఆ ఏడు కార్తీకంలో కుంభవృష్టి కురిసింది. నూలుకు రంగులద్దే గుంతలు పొంగి, ఆ నీళ్ళు భూమిలోకి ఇంకి బావిలోకి చేరాయి. పైకి చూస్తే తేటగానే ఉండేవి. తాగిన పిల్లలకు మాత్రం వాంతులు, కడుపునొప్పి. నీళ్ళు పరీక్షకు పంపితే, వీటిని నోట పెట్టుకోకూడదు అని వచ్చింది.

ఊరి చివర బోరింగు ఉంది. కానీ అవి ఉప్పు నీళ్ళు. పప్పు ఉడకదు, కాఫీ విరిగిపోతుంది. ఇంటి వాకిట్లో తియ్యటి బావి పెట్టుకుని ఎవరు పోతారు అంత దూరం? అందుకని బావి దగ్గర హెచ్చరిక బొమ్మ వెయ్యమని నాకు ఆర్డరొచ్చింది. ఆ ఊళ్ళో సగం మందికి అరవం చదవడమే వచ్చు. ఆడవాళ్ళలో చాలామందికి ఏదీ రాదు. నీళ్ళు తోడేది ఆడవాళ్ళే కాబట్టి అక్షరాలు దండగ, గుర్తులే వెయ్యాలి. నమూనా పైనుంచి తయారై వచ్చింది. బావి గట్టు చుట్టూ ఎరుపు, తెలుపు పట్టీలు. పక్కన నిలువుగా ఒక అరచెయ్యి, 'ఆగు' అన్నట్టు.

ఆదివారం తిరుపతి ఇంట్లో కూర్చుని చెయ్యి బొమ్మ గీశాను. నమూనాలో ఉన్నది చీపురుకట్టలాగా ఉంది, నాకు నచ్చలేదు. మద్రాసులో చదువుకొచ్చానాయె! వేళ్ళు పొడుగ్గా తీర్చాను, అరచేతిలో గీతలు పెట్టాను, మణికట్టు దగ్గర సున్నితమైన వంపు ఇచ్చాను. నాయన భోజనం చేసి వస్తూ దాన్ని చూశాడు. ఒక్క క్షణం నిలబడి, రెండు చేతులూ జోడించి, కళ్ళకద్దుకుని వెళ్ళి పడుకున్నాడు. ఆహా, నాయనకు ఎంత నచ్చిందో అని నేను పొంగిపోయాను.

బొమ్మ వేసిన రోజు ఊళ్ళో ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. బావికి ఎదురింట్లో ఒక అవ్వ ఉండేది. సన్నగా, చింతబరికెలాగా ఉండే మనిషి. ఊళ్ళో ఏ శుభానికైనా అశుభానికైనా ఆవిడ మాటే మాట. కొడుకూ కోడలూ పగలంతా మగ్గం దిగరు, అందుకని ఐదారేళ్ళ మనవరాలు ఎప్పుడూ ఆవిడ కొంగు పట్టుకునే ఉండేది.

"ఏమి సక్కంగా వేసినావు బిడ్డా!" అంది అవ్వ. "వేళ్ళు సూడు, తామర రేకుల మాదిరి ఉండాయి."

"అవ్వా, ఈ బావి నీళ్ళు ఎవురూ తాగకూడదు. లోపల రంగునీళ్ళు ఊరినాయి. ఆ చెయ్యి చెప్పేది అదే. ఆగండి, తాగొద్దండి అని."

"సరి సరి" అంది అవ్వ. సూది మందు వేసేవాళ్ళకూ, ఓట్లడిగేవాళ్ళకూ జనం చెప్పే 'సరి సరి' అది. అప్పుడు నాకు తెలియలేదు.

మళ్ళీ శుక్రవారం ఆఫీసరు, నేను చూడ్డానికి వెళ్ళాం. జీపు ఆపగానే డ్రైవరు దిగి చెప్పులు విప్పాడు.

"నువ్వెందుకయ్యా చెప్పులు విప్పావ్?" అన్నాడు ఆఫీసరు.

"గుడి మాదిరి ఉండాది గదా సార్, కాళ్ళు వాటంతట అవే..." అని డ్రైవరు నసిగాడు.

చూద్దును కదా, నా అరచేతికి నిండుగా పసుపు, మధ్యలో రూపాయంత కుంకుమ బొట్టు, మణికట్టుకు చామంతిపూల చెండు. కింద కర్పూరం వెలిగించిన మసి. ఎరుపు తెలుపు పట్టీలు వేసిన గట్టు చుట్టూ ఆడవాళ్ళు ప్రదక్షిణం చేస్తున్నారు. మా దేశంలో ఎరుపు తెలుపు పట్టీలు ఏ గోడకుంటాయి? గుడి గోడకు! చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. అవ్వ గట్టు మీద కూర్చుని చెంబులోంచి పిల్లల చేతుల్లో నీళ్ళు పోస్తోంది. ఆ బావి నీళ్ళే. తీర్థం.

ఆఫీసరు నా వైపు తిరిగాడు. "ఏమ్మా, నేను ఆగమని చెప్పమన్నాను. మీరు రమ్మని పిలిచారు."

నేను నా బొమ్మ వంక చూశాను. కుడిచెయ్యి, వేళ్ళు పైకి, అరచెయ్యి మన వైపు. 'భయపడకండి, నేనున్నాను' అని ఏ దేవుడైనా చూపించే చెయ్యే కదా అది! తిరుపతిలో పుట్టి, దేవుడి బొమ్మల మధ్య పెరిగి, నాయన దండం పెట్టినప్పుడైనా తెలుసుకోలేదే అని నా మీద నాకే నవ్వూ కోపమూ వచ్చాయి. ట్రాఫిక్ పోలీసు చెయ్యి ఈ ఊళ్ళో ఎవరు చూశారు గనక!

అవ్వను పక్కకు పిలిచాను. "అవ్వా, ఆ చెయ్యి వేసింది నేనే గదా. మొన్న నీ కండ్ల ముందరే."

"శిల్పి చెక్కితే మనం మొక్కడం లేదా బిడ్డా? చెక్కినోడు ఎవుడైతే ఏమి?" అంది అవ్వ నింపాదిగా. "అయినా ఒక మాట చెప్పు. గవర్నమెంటోళ్ళు వద్దనాలంటే తాళం ఏస్తారు, పోలీసును పెడతారు. సామి చెయ్యి ఏస్తారా యాడైనా?"

తిరుగు దారిలో నగరి దగ్గర టీ తాగేటప్పుడు ఆఫీసరు, "ఎవరికైనా అర్థమయ్యే గుర్తు ఒకటుంది. విషం సీసా మీద ఉంటుందే, పుర్రె, రెండు ఎముకలు. అది వేసెయ్యండి" అన్నాడు.

"సార్, ఆ ఊర్లో అంకాళమ్మ..." అని డ్రైవరు ఏదో అనబోయాడు.

"నువ్వు టీ తాగవయ్యా" అన్నాడు ఆఫీసరు.

పుర్రె కూడా బాగానే వేశాను. దాని ఫలితం చూడ్డానికి మళ్ళీ శుక్రవారం దాకా ఆగాల్సిన పని లేకపోయింది. రెండు రోజుల్లోనే డ్రైవరు తన బావమరిది ద్వారా కబురు తెచ్చాడు. ఆ ఊరి ఇలవేల్పు అంకాళమ్మ. ఏటా శివరాత్రి వెళ్ళాక ఆ తల్లి జాతరలో పుర్రెలు పట్టుకుని ఊరేగుతారు. "చెయ్యి సూపించిన తల్లి ఇప్పుడు మొగం సూపించింది" అని ఊరంతా ఒకటే సందడి. కోడిని కోశారు. పొంగలి పెట్టారు, ఆ నీళ్ళతోనే. ఇంతవరకూ పెళ్ళిళ్ళకు తప్ప ఆ బావి మొహం చూడని పక్క ఊరి వాళ్ళు కూడా కడవలు తీసుకుని రావడం మొదలుపెట్టారు. నేను దెయ్యాన్ని తరమబోయి కొలువు పెట్టించినట్టయింది.

నవ్వొస్తోంది కదా మీకు? మాకూ వచ్చింది, ఆ మంగళవారం వరకు.

మంగళవారం నగరి ఆసుపత్రిలో ఆ ఊరి పిల్లలు చేరారని తెలిసి వెళ్ళాం. చివరి మంచం మీద అవ్వ మనవరాలు. కళ్ళు లోపలికి పోయాయి, పెదాలు పగిలాయి, చేతికి సెలైను సూది. ఒక జడ ఊడిపోయి దిండు మీద పడి ఉంది. అవ్వ పక్కనే కూర్చుని, కొంగు చాటునుంచి ఒక ఇత్తడి చెంబు తీసి, పాప నోటి దగ్గరకు తీసుకుపోతోంది.

"ఏం నీళ్ళవ్వా అవి?"

"అమ్మ తీర్థం. తెల్లారి తోడుకొచ్చినా."

నేను ఆ చెంబు లాక్కుని కిటికీలోంచి బయట పారబోశాను. వార్డులో వాళ్ళంతా నన్ను రాక్షసిని చూసినట్టు చూశారు. అవ్వ అరవలేదు, తిట్టలేదు. "నువ్వేసిన అమ్మే గదా బిడ్డా" అంది. అంతే. నేను బయటికొచ్చి ఆసుపత్రి వెనక మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. బొమ్మ బాగా వేయడం తప్ప నాకు ఇంకేమీ చేతకాదు, ఆ బాగా వేసిన బొమ్మే పాప నోటిదాకా ఆ నీళ్ళు తెచ్చింది. ఆసుపత్రి డాక్టరు వచ్చి, ఇంకో రెండు రోజులు గడిస్తేగానీ పాప సంగతి చెప్పలేనన్నాడు.

ఊళ్ళో ఇంకా ఎవరైనా పిల్లలు పడకేశారేమో చూసిరమ్మని ఆఫీసరు మమ్మల్ని పంపాడు. నేనూ డ్రైవరూ ఇల్లిల్లూ తిరిగాం. ధనుర్మాసం అది. ప్రతి వాకిట్లోనూ తెల్లవారుజామున వేసిన పెద్ద పెద్ద ముగ్గులు, మధ్యలో గొబ్బెమ్మలు, వాటి తలమీద గుమ్మడిపూలు. కాలు పెట్టడానికి చోటు లేదు. మధ్యాహ్నమయ్యేసరికి డ్రైవరు నాలుక పిడచకట్టుకుపోయింది. "బోరింగు నీళ్ళు ఎవరింట్లో ఉంటే వాళ్ళింట్లో అడుగుదాం" అని నేను ఒక వాకిట్లోకి నడవబోయాను. తలుపు తెరిచే ఉంది, అరుగు మీద ఒకావిడ కూర్చుని ఉంది.

డ్రైవరు నా ముందు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆ ఇంట్లో వద్దు మేడం."

"ఎందుకు?"

"వాకిలి సూడండి."

చూశాను. వీధంతా ముగ్గులు, ఆ వాకిలి మాత్రం బోసిగా ఉంది. చిమ్మారు, అంతే. ఆ ఇంట్లో ఎవరో పోయారు. మైల. మైల తీరేదాకా ఆ ఇంట్లో నీళ్ళు ముట్టరు. అక్కడ బోర్డు లేదు, తాళం లేదు, పోలీసు లేడు. దాహంతో నాలుక పిడచకట్టిన మనిషి, మూరెడు దూరంలో నీళ్ళు పెట్టుకుని, అడగనైనా అడగకుండా తనంతట తాను పక్కకు తప్పుకున్నాడు.

"అబ్బా!" అన్నాను పైకే.

"ఏం మేడం, తేలు కుట్టిందా?" అని కంగారు పడ్డాడు డ్రైవరు.

ఐదేళ్ళ వయసునుంచీ నాకు తెలిసిన సంగతే అది. మా నాయనమ్మ పోయినప్పుడు మా వాకిట్లో ముగ్గు లేకపోతే, పాలవాడు కూడా గుమ్మం దాకా రాకుండా గొంతు తగ్గించి పిలిచాడు. మద్రాసులో నాకు రంగుల గురించి చెప్పారు, రేఖల గురించి చెప్పారు. ఏమీ వెయ్యకపోతే కూడా ఒక మాట అవుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పినా నేను వినే రకం కాదులెండి.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళి అవ్వ పక్కన నేల మీద కూర్చున్నాను. పొద్దున జరిగినదానికి ఆవిడ నా మొహం చూడలేదు. పాప నిద్రపోతోంది. నేను మెల్లగా అడిగాను, "అవ్వా, బావి గట్టు మీద రోజూ ముగ్గు ఏసేది ఎవరు?"

"నేనే. అమ్మ వాకిలి గదా."

"రేపటినుంచి ఏయకుండా ఉంటావా?"

అవ్వ విసురుగా తిరిగింది. "ఏం మాట బిడ్డా అది? ముగ్గు ఏయకుండా పోయేదానికి ఆడ ఎవురన్నా సచ్చినారా? అమ్మకు మైల అంటగట్టమంటావా నన్ను?"

"అమ్మకు కాదవ్వా. నీళ్ళకు."

"నీళ్ళకు మైలేంది?"

"వాటిల్లో కలవకూడనిది కలిసింది. రంగు గుంతలు పొంగింది నువ్వూ సూసినావు గదా. మనిషికి మైల తగిలితే తీరేదాకా ముట్టుకోం. నీళ్ళకు తగిలితే ముట్టుకోవచ్చా?"

ఆవిడ పాప అరికాళ్ళు నిమురుతూ కూర్చుంది. ఈ మాట కూడా వృథా అయితే ఆ ఊరి పిల్లలు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఈ వార్డుకే వస్తారు, అది ఒక్కటే నాకు తెలుసు.

చివరికి అవ్వ అడిగింది, "మైలంటే, ఒకనాటికి తీరిపోతాది గదా?"

"తీరిపోతాదవ్వా. గుంతలు దూరంగా తవ్విస్తారు. బావి మొత్తం తోడిపోస్తారు. మళ్ళీ వానలొస్తాయి."

"అట్లయితే సరి. నువ్వు పుర్రె ఏసినప్పుడు నా బావి సచ్చిపోయిందని చెప్తాండావేమో అనుకున్న్యా. బావిని సంపుకునేదానికి ఎవురు ఒప్పుకుంటారు? మైలయితే సరి. మైల ఎవురికి రాదు!"

ఈసారి ఆ 'సరి' వేరుగా వినిపించింది.

మర్నాడు తెల్లవారగానే జీపులో అవ్వను ఊరికి తీసుకుపోయాం. పాప దగ్గర కోడలిని కూర్చోబెట్టాం. అవ్వ ఇంటింటికీ పోయి ఆడవాళ్ళను పిలుచుకొచ్చింది. ఎవరితో ఏమన్నదో నేను వినలేదు. ఒక్కొక్కరే వచ్చి చామంతి చెండ్లు తీశారు, పసుపు కడిగారు, కర్పూరం మసి తుడిచారు. రంగు మాత్రం నీళ్ళకు పోదు కదా, కిరసనాయిలు గుడ్డా ఇనుప బ్రష్షూ తీసుకుని నేనే కూర్చున్నాను. ముందు పుర్రె, తర్వాత పట్టీలు, ఆఖరున చెయ్యి. వేళ్ళు చెరిపేటప్పుడు కొంచెం బాధేసింది. అబద్ధమెందుకు, మంచి వేళ్ళవి. డ్రైవరు కూడా ఒక బ్రష్షు తీసుకుని, చెప్పులు విప్పి మరీ, పక్కన కూర్చున్నాడు.

అవ్వ గట్టు చుట్టూ చిమ్మింది. నీళ్ళు చల్లలేదు, ముగ్గు వెయ్యలేదు. చీపురు పక్కన పెట్టి తన అరుగు మీద కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. కాసేపటికి పక్క ఊరినుంచి ఇద్దరు ఆడవాళ్ళు కడవలు పట్టుకుని వచ్చారు. వీధిలో ముగ్గులు తొక్కకుండా పక్కలకు జరుగుతూ వచ్చి, బావి దగ్గరికి రాగానే నిలబడిపోయారు. చుట్టూ అన్ని వాకిళ్ళూ కళకళలాడుతున్నాయి, బావి ఒక్కటే బోడిగా ఉంది. ఒకావిడ రెండో ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఒక్క మాట అడగకుండా, కడవలు చంకకు మార్చుకుని, బోరింగు వైపు నడిచారు.

అవ్వ నా మోకాలి మీద చెయ్యి వేసింది. నేను మళ్ళీ ఏడ్చాను. ఆ వారం నాకు అదే పనైపోయింది.

ఆఫీసరు వచ్చి చూసి, "బొమ్మేదీ?" అన్నాడు. సంగతి చెప్పాను. ఆయన బావి చుట్టూ ఒకసారి తిరిగాడు, వచ్చేవాళ్ళు ఎలా వెనక్కు పోతున్నారో చూశాడు. "బాగానే ఉందమ్మా. కానీ ప్రభుత్వ రంగు వాడి వేసిన బొమ్మను ప్రభుత్వ కిరసనాయిలు వాడి చెరిపేశామని పైకి ఎలా చెప్పమంటారు?" అని నవ్వాడు. ఎలా చెప్పాడో నాకు తెలియదు. నా ఉద్యోగం మాత్రం పోలేదు.

ఆ శుక్రవారానికి పాప లేచి కూర్చుని ఇడ్లీ అడిగింది. ఇంటికి వచ్చేరోజు మా జీపులోనే వచ్చింది. త్రికోణం చూసి ఎప్పటిలాగే మగవాళ్ళు సందుల్లోకి పోబోయి, లోపల పాపను చూసి వెనక్కు తిరిగారు.

ఏడాది పట్టింది. రంగుల గుంతలు ఊరి బయటకు జరిపి సిమెంటు చేశారు. మోటారు పెట్టి బావిని ఎన్నిసార్లు తోడారో లెక్కలేదు. ఉప్పునీళ్ళతో పప్పు ఉడక్క అందరూ నన్ను తిట్టుకున్నారు, అది కూడా నిజం. కానీ ఆ ఏడాదంతా ఆ గట్టు మీద ఒక్క ముగ్గు గీత పడలేదు, ఒక్క కడవ దిగలేదు. మళ్ళీ కార్తీకం వానలకు బావి నిండింది. పరీక్షకు పంపితే, నిక్షేపంగా తాగవచ్చు అని వచ్చింది.

"ఇప్పుడు ఆకుపచ్చ రంగుతో ఏదైనా మంచి గుర్తు వెయ్యండి, తాగవచ్చు అని" అన్నాడు ఆఫీసరు. అని, నా మొహం చూసి, "సరే, మీ ఇష్టమమ్మా" అన్నాడు. అయినా అలవాటు కొద్దీ ఆకుపచ్చ డబ్బా జీపులో వేసుకుని వెళ్ళాను.

అవ్వకు సంగతి చెప్పాను. ఆవిడ లేచి ఇంట్లోకి పోయింది. పేడనీళ్ళ బిందె తెచ్చి గట్టు చుట్టూ కళ్ళాపి చల్లింది. ఆ వాసనకే వీధిలో మగ్గాలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. అవ్వ ముగ్గు చిప్ప తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నాకెందుకవ్వా? నువ్వెయ్యి."

"నువ్వే ఎయ్యాల. చెయ్యి ఏసి పిలిచినావు, పుర్రె ఏసి పిలిచినావు. ఇప్పుడన్నా సక్కంగా పిలువు బిడ్డా."

వీధంతా నవ్వింది. నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని చుక్కలు పెట్టడం మొదలుపెట్టాను. చాలా ఏళ్ళయింది ముగ్గు పట్టి. మూడో వరసలో ఒక చుక్క తప్పింది. "అక్కా, అది ఆడ కాదు, ఈడ" అని అవ్వ మనవరాలు వచ్చి కాలి బొటనవేలితో తుడిచి చూపించింది. మళ్ళీ పెట్టాను. చుక్కల చుట్టూ గీతలు తిప్పి లేచేసరికి నడుము పట్టేసింది.

అవ్వ చేద బావిలోకి వదిలింది. ఏడాదిగా తిరగని గిలక కీచుమంది. నీళ్ళు తోడి, ముందు నా దోసిట్లో పోసింది. తాగాను. వాళ్ళు చెప్పింది నిజమే, అంత తియ్యటి నీళ్ళు నేను తిరుపతిలో కూడా తాగలేదు. తర్వాత పాప తాగింది. ఆపైన ఎవరూ ఎవరినీ పిలవలేదు. గుమ్మాల్లో ఉన్నవాళ్ళంతా లోపలికి పోయి కడవలు తీసుకుని వచ్చేశారు.

ఆకుపచ్చ డబ్బా మూత తియ్యకుండానే వెనక్కు తెచ్చాను. రిటైరయ్యేదాకా గోడల మీద ఎన్నో బొమ్మలు వేశాను. కొన్నింటికి పై అధికారులు చప్పట్లు కూడా కొట్టారు. కానీ చూసిన ప్రతి మనిషికీ నేను అనుకున్నదే అర్థమైన బొమ్మ నా జీవితంలో ఆ బావి గట్టు మీది ముగ్గు ఒక్కటే. మర్నాడు పొద్దున్నే దాన్ని చిమ్మేసి, అవ్వ ఇంకొకటి వేసి ఉంటుంది.